పై గుండీ

జనవరి 19

తమ్ముడికి,

ఉత్తరం మొదట్లో నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలని అయిదో తరగతిలో నేర్పారు. నేను చదివింది అంతవరకే కాబట్టి అది బాగానే గుర్తుంది. కానీ రాయను. నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమంగా ఉన్నావంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్క ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని నేను పనిచేసే కుట్టుషాపులో టైలరు గారిని అడిగావట. ఎత్తితే నువ్వు ఏడవకు అంటావు. ఏడవకు అన్నాక ఏడవకుండా ఎవరుంటారు? కాగితం మీదైతే నువ్వు నన్ను ఆపలేవు. నువ్వూ కాగితం మీదే రాయి.

అడగాల్సింది ఒక్కటే. మా పిచ్చుక నీ ఇంట్లో ఉన్న ఆ వారం ఏం మాట్లాడాడు?

వాడికి చెవుడని, నోటమాట లేదని నాకు తెలియదా, కన్నది నేనే. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ చేతులు రెక్కల్లా ఆడించేవాడనే కదా వాళ్ళ నాన్న ఆ పేరు పెట్టి పోయాడు. ఆయన పోయాక ఈ ఇంట్లో మాట్లాడింది వాడొక్కడే. కుర్చీలకి పాలిష్ పెట్టి వచ్చి, చేతులకి రంగు కూడా కడుక్కోకుండా, షాపులో ఎవడు ఎవణ్ణి తిట్టాడో అంతా చెప్పేవాడు. అలాంటివాడు, నీ ఊరి బస్సు దిగి ఇంటికొచ్చిన సాయంత్రం ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులతో కడుపు పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. చేతులు కడుపు మీద ఉంటే వాడికి నోరు మూసేసినట్టే కదరా. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు అని నేను అడుగుతూనే ఉన్నాను. వాడు చేతులు తీయలేదు. తెల్లారి ఇక్కడి ఆసుపత్రికి తీసుకుపోతే, పేగు పగిలి కడుపంతా చీము పట్టింది, ముందే ఎందుకు తేలేదని నన్నే కసిరారు. కాసేపటికి వాడి చేతులు వాటంతటవే పక్కకి జారాయి.

పేగు ఊరికే పగలదు. నీ పెళ్ళాం ఏం పెట్టింది వాడికి? నోరు లేనివాడు, వంకలు పెట్టడు కదా అని మిగిలిందీ మురిగిందీ పెట్టిందా? నన్ను తప్పుపట్టకు. నా కడుపుకోతకి మర్యాదలు తెలియవు.

పని నుంచి రాగానే ఇప్పటికీ లైటు ఆర్పి వెలిగిస్తున్నాను. వాణ్ణి పిలవాలంటే అదే కదా పద్ధతి. వైరు పాడైందేమో చూపించుకో అంది పక్కింటావిడ. వైరు బాగానే ఉందమ్మా, అవతల మనిషే లేడు అన్నాను. ఆవిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

వాడి చివరి మాట నాకు కావాలి. నీకు వాడి సైగలు రావు. రా, తిను, పడుకో తప్ప నువ్వేమీ నేర్చుకోలేదు. వాడికా, తన పేరు తప్ప రాయడం రాదు. అయినా వాడు చేతులు ఎటు ఆడించాడో గుర్తు తెచ్చుకుని రాయి. అర్థం నేను చెప్పుకుంటాను.

నీ అక్క

ఫిబ్రవరి 3

అక్కకి నమస్కారాలు.

తిడుతూ రాసినా నీ చేతిరాత చూశాను, అదే పదివేలు.

నీ మరదలు వాడికి మేం తిన్నదే పెట్టింది. ఆ మాట చదివి రెండు రోజులు నాతోనూ మాట్లాడలేదు. ఇంక ఆ సంగతి వదిలెయ్. వాడు మా దగ్గరున్న వారంలో నొప్పి అనలేదు, నలత అనలేదు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?

వాణ్ణి ఎందుకు పిలిపించానో నీకు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. మా ఆసుపత్రి వెబ్‌సైటు నా చేతిలో ఉంది కదా. టోకెన్ తీసుకోవడం, ఏ డాక్టరు ఏ రోజు ఉంటారో చూసుకోవడం అన్నీ అందులోనే. అది చూపు లేనివాళ్ళకీ, చెవుడున్నవాళ్ళకీ, చేతులు వణికేవాళ్ళకీ కూడా పనికొచ్చేలా మార్చాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. చూపు లేని ఒకాయన్ని పిలిచి సైటు ఉపయోగించి చూడమన్నాం. ఆయన ఫోను తెర మీద ఉన్నదంతా పైకి చదువుతుంది. మా సైటు తెరిచేసరికి బటన్, బటన్, బటన్ అని గొణిగింది, అంతే. దేనికీ మేం పేరు పెట్టలేదు. మీ ఆసుపత్రిలో గదులకి కూడా బోర్డులుండవా బాబూ అని నవ్వాడాయన. సిగ్గేసింది. ఆ రోజే నేను మా సెక్షన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: మాట లేని బొమ్మ ఉండకూడదు. ప్రతి బొమ్మకీ, ప్రతి బటన్‌కీ వెనక మాట రాశాం.

చెవుడున్నవాళ్ళ కోసం సైగలతో వీడియోలు కావాలన్నారు. బయటి నుంచి టీచర్ని పిలిస్తే ఎప్పటికి అయ్యేను? మన పిచ్చుక ఉండగా ఊరంతా వెతకడం దేనికి అనుకున్నాను. అయిదు వీడియోలు చేశాడు. మా పై అంతస్తులో ఒక గదికి నీలం గుడ్డ కట్టి తీశాం. నేను కాగితం చూసి ఒక్కో సంగతీ అభినయించి చూపిస్తే వాడు తన సైగల్లో చెప్పేవాడు.

నీ మనసు కుదుటపడాలని ఒక మాట రాస్తున్నాను. ఊరికి బయలుదేరిన రోజు పొద్దున అయిదోది తీశాం. నొప్పి ఎక్కడుందో డాక్టరుకి ఎలా చూపించాలి అన్నది. అక్కా, ఎంత బాగా చేశాడనుకున్నావు! ముఖంలో ఆ బాధ చూసి, ఇంత నటన ఎక్కడ నేర్చుకున్నాడు అన్నారు అందరూ. మధ్యమధ్య చొక్కా పై గుండీ పట్టుకుని, నా వంకా కెమెరా వంకా సూటిగా చూస్తూ, ఎంతో మర్యాదగా నమస్కారం చేశాడు. అయ్యాక గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వాడి చివరి రోజు అంత గౌరవంగా గడిచింది. నువ్వు ఆ సంగతి తలుచుకో.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 17

తమ్ముడికి,

ఈ ఉత్తరంతో పాటు ఒక స్టీలు డబ్బా వస్తుంది. టైలరు గారి బావమరిది మీ ఊరు వస్తుంటే ఇచ్చాను. దారిలో తినమని నీ పెళ్ళాం వాడికి కట్టి ఇచ్చినదే. వాడు మూత తీయలేదు. నేనూ తీయలేదు. ఆమె చేతి వంట ఆమెకే చేరాలి కదా. మూత జాగ్రత్తగా తీయమను, బిగుసుకుపోయింది.

ఇక నీ సంగతి. నా కొడుకు కంప్యూటర్లో ఉన్నాడని ఇన్నాళ్ళకా చెప్పడం? బొమ్మ కదులుతుందా? చేతులు కనబడతాయా? నా దగ్గర వాడి ఫొటో ఒకటే ఉంది. అందులో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫొటో తీసినవాణ్ణి రోజూ తిట్టుకుంటాను.

ఒకటి మాత్రం నాకు బోధపడలేదు. వాడి సైగలు వేరేవాళ్ళకి ఎలా తెలుస్తాయిరా? వాణ్ణి చెవిటివాళ్ళ బడికి పంపలేదు కదా, హాస్టల్లో వదలాలంటే నాకు చేతులు రాలేదు. వాడివన్నీ మా ఇంటి సైగలు. నేను గుండీలకి కాజాలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి అంగుస్తానా తొడుక్కుంటాను. అందుకని వాడికి అమ్మ అంటే నడిమి వేలి కొస రుద్దడం. మామయ్య అంటే మెడకి తాడు బిగించి లాగడం, నీ టైని చూసి. బయటి చెవిటివాళ్ళు దీన్ని చూసి ఏమనుకుంటారు? ఎవణ్ణో ఉరి తీస్తున్నారనుకోరూ?

నువ్వు చదువుకున్నవాడివి, ఆలోచించే ఉంటావు.

అక్క

మార్చి 8

అక్కకి,

నువ్వు చేసిన పని మనిషి చేసేది కాదు. నేను ఆఫీసులో ఉండగా డబ్బా వచ్చింది. నీ మరదలు అందులో నీ చేతి పిండివంట ఏదో ఉందని సంబరపడి మూత తీసింది. ఇల్లంతా మూడు సార్లు కడిగినా వాసన పోలేదు. అన్నం ముందు కూర్చుంటే వాంతి చేసుకుంటోంది. నీకు తెలియాలని రాస్తున్నాను, ఆ రోజు పొద్దున వాడు కాఫీ కూడా ముట్టలేదని, ముఖం బాగాలేదని నాకు చెప్పింది ఆమే. కెమెరా అంటే భయం, అయిపోతే తింటాడులే అన్నది నేను. తెలిసిందా? ఇంక ఆమె జోలికి రాకు.

రెండో సంగతి. నువ్వడిగిన ప్రశ్నే ఇప్పుడు నా నెత్తిన పడింది. ఒక చెవుడున్న అమ్మాయి సైటు చూసుకుని వచ్చి, మందుల దగ్గరికి వెళ్ళాల్సింది, ఎక్స్‌రే దగ్గర సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయింది. తర్వాత ఆ అమ్మాయి తన సంఘం వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. వీడియోల్లో ఉన్నది ఏ భాషా కాదు, తీసెయ్యండి అంటున్నారు. వాడు శిక్షణ ఉన్నవాడని నేను పెద్ద డాక్టరుకి చెప్పి ఉన్నాను. అబద్ధమని తేలితే నా కుర్చీ పోతుంది.

తీసెయ్యకుండా ఉండే దారి ఒకటుంది. వీడియో కింద అక్షరాలు వేస్తాం. సైగలు అర్థం కాకపోయినా చదువుకుంటారు. కానీ ఏ సైగకి ఏ మాటో చెప్పగల మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే. ఆఫీసు ఫోను ఒకటి, పెద్ద తెర ఉన్నది, అయిదు వీడియోలూ పెట్టి పంపుతున్నాను. టైలరు గారి చేత వేయించుకుని చూసి, మాటలు రాసి పంపు. నువ్వు రాస్తే వాడు సైటులో ఉంటాడు. లేకపోతే పోతాడు. ఆలోచించుకో.

తమ్ముడు

ఏప్రిల్ 2

తమ్ముడూ,

మొదట మరదలికి. అమ్మాయ్, ఆ డబ్బా పంపిన చేతులు విరిగిపోవాలి. వాడు కాఫీ తాగలేదని ఆ ఊళ్ళో చూసింది నువ్వొక్కదానివే అని ఇప్పుడు తెలిసింది. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

ఫోను టైలరు గారి షాపులోనే ఉంచాను. ఇంట్లో ఉంటే నేను పని మానేస్తానని నాకు తెలుసు. షాపు మూసే వేళకి రోజుకొకటి వేస్తారాయన. మొదటి రోజు వాడు తెర మీదకి రాగానే నేను ఏం చేశానో తెలుసా? లేచి షాపు లైటు ఆర్పి వెలిగించాను. టైలరు గారు కత్తెర తుడుచుకుంటూ కూర్చున్నారు.

మాటలు రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకో.

టోకెన్‌ది. ఇక్కడ నొక్కితే చీటీ వస్తుంది. కుళాయి దగ్గర బిందెల్లా వరసలో ఉండాలి. మధ్యలో దూరే ముసలాయన ఈ ఊళ్ళోనూ ఉన్నాడు.

డాక్టర్ల గదులది. తెల్లకోటు వేసుకున్నవాళ్ళే డాక్టర్లు. సగం కోట్లకి గుండీలు లేవు. అమ్మ చూసిందంటే ఊరుకోదు.

మందులది. అన్నం తిన్నాక మింగాలి, చేదు. మామయ్య బీరువా వెనక దాచిన సిగరెట్ల సంగతి అత్తయ్యకి నేను చెప్పను. (చెప్పేశాడు, ఇప్పుడేం చేస్తావు?)

దారిది. మెట్లు వద్దు, లిఫ్టులో వెళ్ళండి. నేను ఊరికే పైకీ కిందకీ తిరిగాను, ఎవరూ తిట్టలేదు. నిజం.

చదువుతూ నవ్వుతున్నావా? నేను నవ్వాను. వాడు పోయాక నా నవ్వు నాకే కొత్తగా వినబడింది. నువ్వు అభినయించింది ఒకటి, వాడు చెప్పింది ఒకటి. నీ మాట వాడు ఎప్పుడు విన్నాడు గనక?

చివర్లో నిజం అని రాశాను చూడు, అదే నువ్వు నమస్కారం అనుకున్న గుండీ. చిన్నప్పుడు పని ఎగ్గొట్టాలంటే కడుపునొప్పి అని నాటకం ఆడేవాడు. నేను చొక్కా పై గుండీ పట్టుకుని ముఖంలోకి చూసేదాన్ని. అబద్ధమైతే కళ్ళు దించేసేవాడు. నిజమైతే తన గుండీ తనే పట్టుకుని నా కళ్ళలోకి చూసేవాడు. ఆ తరువాత మా ఇంట్లో గుండీ పట్టుకుంటే ఒట్టు పెట్టినట్టు. గుండీ పట్టుకుని వాడు అబద్ధం ఆడగా నేను చూడలేదు. చివరి వీడియోలో చాలాసార్లు పట్టుకున్నాడని రాశావు. అంత నిజం ఏం చెప్పాడో నా వెర్రినాగన్న.

అది ఇంకా చూడలేదు. కంచంలో చివరి ముద్దలా దాచుకున్నాను. చూసేస్తే ఇంక వాడి దగ్గర నాకు కొత్త మాట మిగలదు కదా.

ఆ ఎక్స్‌రే దగ్గర కూర్చున్న అమ్మాయి సంగతి పాపమే. కానీ ఆ పిల్లకి కాళ్ళున్నాయి, మళ్ళీ వస్తుంది. నా కొడుకుని మాత్రం తీయకండి.

అక్క

ఏప్రిల్ 11

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం నీ మరదలు చదివి ఏడ్చింది. తర్వాత బీరువా వెనక చూసింది. ఆ వీరంగం మళ్ళీ ఎప్పుడైనా చెబుతాను.

మాటలు అందాయి, కానీ నేను కొంచెం సర్దాను. ముసలాయన, గుండీలు, సిగరెట్లు ఆసుపత్రి సైటు మీద బాగుండవు. చీటీ, వరస, గది, మందు, ఇవి చాలు. పెద్ద డాక్టరు చూసి సంతోషించారు.

అయిదోది త్వరగా కావాలి. అదే సైటు తెరవగానే కనబడుతుంది. నీకు శ్రమ లేకుండా నేనే రాసేశాను: నొప్పి ఎక్కడుందో చేత్తో చూపించండి. మీ డాక్టరు మీ మాట వింటారు. దీనికి సరే అని రెండు ముక్కలు రాసి పంపు, చాలు.

గుండీ సంగతి రాశావు. మీ ఇంట్లో దాని అర్థం ఏదైనా, ఇక్కడ మొదటి రోజు నుంచీ అది నమస్కారమే. అలాగే ఉండనీ. పెద్ద డాక్టరుకి ఎంత నచ్చిందంటే, వాడు గుండీ పట్టుకున్న బొమ్మతో పోస్టర్లు అచ్చు వేయించారు. కింద 'మేం వింటున్నాం' అని ఉంటుంది. పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి నర్సుల దాకా అందరం ఒకరికొకరం గుండీ పట్టుకునే పలకరించుకోవాలని చెప్పారు. మొదట్లో నవ్వుకున్నాం, ఇప్పుడు అలవాటైపోయింది. మన పిచ్చుక ఇంతమందికి ఒక మర్యాద నేర్పి పోయాడు. ఏ తల్లికి దక్కుతుంది ఇది?

తమ్ముడు

ఏప్రిల్ 20

తమ్ముడికి,

అయిదో వీడియో కింద వేయాల్సిన మాటలు ఇవి. టైలరు గారు ఆపి ఆపి వేశారు. తర్వాత ఆయన షాపు బయటికి వెళ్ళి నిలబడ్డారు.

మొదట నీ చెయ్యి కనబడుతుంది, మొదలుపెట్టు అని. వాడు, మామయ్యా, ఇవాళ వద్దు అంటాడు. నీ చెయ్యి మళ్ళీ ఆడుతుంది.

కడుపులో. కిందికి, కుడి పక్క. సూది గుచ్చి లోపలే వదిలేసినట్టుంది.

గుండీ పట్టుకున్నాడు. నిజం.

నాటకం కాదు. నిలబడలేను. కింద డాక్టర్లున్నారు, లిఫ్టులో వెళ్ళినప్పుడు చూశాను. నన్ను కిందికి తీసుకెళ్ళు.

నిజం. నిజం.

నీ చెయ్యి మళ్ళీ వచ్చింది. బొటనవేలు పైకెత్తి చూపించింది, భలే ఉంది, కానివ్వు అని.

అప్పుడు వాడు నీ వంక చూడటం మానేశాడు. కెమెరా వంక చూశాడు. దాన్ని వేలితో చూపించి, నడిమి వేలి కొస రుద్దాడు. ఇది అమ్మకి చూపించండి. అమ్మకి తెలుస్తుంది.

నిజం.

ఆ పైన రెండు చేతులూ కడుపు మీదికి పోయాయి. ఇంక మాటల్లేవు. మీ అందరి చేతులూ చప్పట్లు కొడుతున్నాయి. వాడు ఆ చేతులన్నిటి వంకా చూశాడురా, ఒక్కొక్కటీ ఏమంటోందో అని.

అంతే. నువ్వు రాసిన దానికి సరే అనమన్నావు. అనను. అడగందే అమ్మైనా పెట్టదని రాశావు. వాడు అడిగాడు. అమ్మకి చూపించమని కూడా అడిగాడు. ఆ మధ్యాహ్నం నువ్వు ఆ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఉంటే, వద్దు, టైలరు గారి ఫోనుకి పంపి ఉంటే, నేను చూసిన క్షణంలో చెప్పేదాన్ని. వాణ్ణి బస్సెక్కించావు. డాక్టర్లు నిండిన మేడ మీద నుంచి దింపి, బస్సెక్కించావు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. శంఖం ఊదింది నా కొడుకు. ఆ గదిలో చెవిటివాళ్ళు ఎవరో నువ్వే లెక్క చూసుకో.

మాట లేని బొమ్మ ఉండకూడదని గోడ మీద రాసి అంటించింది నువ్వే. ఇదిగో మాట. ఒక్క అక్షరం మార్చకుండా వాడి కింద వెయ్యి. వేస్తే వాడు అక్కడ ఉంటాడు.

అక్క

మే 14

అక్కకి,

నీ కాగితం ఎవరికీ చూపించలేదు. నీ మరదలికి కూడా. చూపిస్తే వాడు తిరిగి వస్తాడా? నాకు ఇద్దరు పిల్లలున్నారు. నాకు తెలిసి చేశానా అక్కా? తెలిస్తే చేస్తానా? రోజూ అన్నం దిగడం లేదు.

అయిదు వీడియోలూ తీసేశాం. సైగల టీచరమ్మని పిలిపించి కొత్తవి చేయించాం. సంఘం వాళ్ళు చూసి బాగున్నాయన్నారు. ఆ ఎక్స్‌రే అమ్మాయి తనంతట తనే టోకెన్ తీసుకుని, చూపించుకుని వెళ్ళింది. పని జరగాల్సినట్టే జరిగింది, నువ్వు దానికైనా సంతోషించాలి. పోస్టర్లు మాత్రం ఉంటాయి, అచ్చయిపోయాయి కదా. గుండీ కూడా ఉంటుంది, అందరికీ అలవాటైంది.

ఇంకొకటి అడగడానికి మొహం చెల్లడం లేదు. ఆ ఫోను ఆఫీసుది. వెనక్కి ఇచ్చేయమంటున్నారు. అందులో ఉన్నవన్నీ చెరిపి వేరేవాళ్ళకి ఇస్తారు. పంపు.

తమ్ముడు

జూన్ 1

తమ్ముడికి,

ఫోను నేనే తెచ్చి కౌంటర్లో ఇచ్చి వెళ్ళాను. నీ గదికి రాలేదు. ఇచ్చేముందు కాపీ తీసిస్తానన్నారు టైలరు గారు, వద్దన్నాను. ఇది అమ్మకి చూపించండి అన్నాడు వాడు. అమ్మ చూసింది. వాడి పని అయిపోయింది. ఇంక అది వేరేవాళ్ళు చూసే బొమ్మ కాదు.

పొద్దున్నే దిగాను. గేటు లోపల బల్ల మీద కూర్చున్నాను, ఎదురుగా గోడ మీద వాడు. మనిషంత ఎత్తున వేశారు. నేను వాడితో కాసేపు మాట్లాడాను, చేతులతోనే. అది చూసి వాచ్‌మన్ నాకు చెవుడనుకున్నాడు. మంచివాడు, పెద్దవాడు. దగ్గరికొచ్చి, తన చొక్కా పై గుండీ పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఒక నర్సమ్మ. తర్వాత చీటీలిచ్చే అబ్బాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుండీ పట్టుకుని, నిజం, నిజం, నిజం. నా కొడుకు మాట ఒకళ్ళ తరువాత ఒకళ్ళు నాకు చెప్పి వెళ్ళారు. ఏం చెబుతున్నారో ఒక్కరికీ తెలియదు.

అప్పుడు నువ్వొచ్చావు. నన్ను చూడలేదు. వాచ్‌మన్ నీ ముఖంలోకి చూసి గుండీ పట్టుకున్నాడు. నువ్వు గోడ మీది వాణ్ణి చూడకుండా, తల వంచి, నీ గుండీ పట్టుకుని లోపలికి వెళ్ళావు. కళ్ళు దించేశావు తమ్ముడూ. అది అబద్ధమాడినప్పటిది.

ఆ వాచ్‌మన్‌కి అసలు అర్థం చెప్పాలని మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే రేపటి నుంచి మానేస్తారు. ఎందుకు మానాలి? నీకు ఇంకా చాలా ఏళ్ళ ఉద్యోగం ఉంది. రోజూ ఆ గేటులోంచే కదా నడవాలి. రోజూ ఒక మనిషి నీ ఎదురుగా నిలబడి నా కొడుకు చెప్పిందే చెబుతాడు. నువ్వూ నీ చేత్తో అదే చెప్పాలి. నేను ఎవరితోనూ ఏమీ అనను. నువ్వు ఉద్యోగం మానకు, ఇంకో ఊరు మార్చుకోకు. పిల్లలున్నారు కదా.

నీ చొక్కా పై గుండీ వేలాడుతోంది, బల్ల మీద నుంచి చూశాను. ఊడిపోనివ్వకు. రెండు పోగులు వేసి గట్టిగా కుట్టించుకో.

అక్క